టోపీవాలా పాటలో ఒక్క మాట

టోపీవాలా గుర్రం ఎర్రదని వీరేష్ అన్నాడు.

ప్రాజక్త ఏడో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

"అది తెలుపు నలుపు సీరియల్. నీకు ఎర్రగ ఎట్ల కనవడ్డది?"

"కనవడలే. తెలుస్తది."

"ఎట్ల?"

"నడకను బట్టి."

ప్రాజక్త ఒక పిల్లవాడికి పదికి ఆరు వేయబోయి నాలుగు వేసింది. చూసుకుని దిద్దింది. ఆ పొరపాటు కూడా వీరేష్ వల్లనే జరిగింది.

జోడ్‌భావి పేట్‌లోని ప్రాజక్త ఇంటికి అతను ఇలా రావడం ఇది ముప్పై మూడో ఆదివారం. మొదటి ఆదివారం ఎందుకొచ్చినవని అడిగితే "ఉగీచ్, ఊరికెనే" అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. కుంభారి కాలనీ నుంచి బైక్ మీద అరగంట వస్తాడు. గడప మీద కూర్చుంటాడు. చాయ్ తాగుతాడు. చిన్నప్పుడు టీవీలో చూసిన గుర్రాల సీరియల్ గురించి మాట్లాడతాడు. ఆ సీరియల్ పాటనే ఈల వేసుకుంటూ వెళ్లిపోతాడు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి. సోలాపూర్‌లో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఊళ్లో ఏ సాంచా మొరాయించినా ఫోను ఇతనికే వస్తుంది. ఎంత పెద్ద సాంచానయినా విప్పి మళ్లీ బిగించగలడు. ఒక్క వాక్యం మాత్రం బిగించలేడు.

"నల్లదైతె దుమ్ముల కనవడకపోవు," అన్నాడు వీరేష్. "తెల్లదైతె మరీ మెరుస్తుండె. అందుకే ఎర్రది."

"వీరూ, నీకు వేరే మాటలు రావా?"

"వస్తయ్."

"ఒకటి చెప్పు."

అతను ఆలోచించాడు. "వాని టోపీ మాత్రం నల్లదే."

మూలన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ద్రౌపది నవ్వు ఆపుకుంది. ఆమె ప్రాజక్తకు నాయనమ్మ. చేతులు ఆగకుండా, కళ్లు చాట మీద నుంచి లేపకుండా, ఆ ఇంట్లో జరిగేదంతా చూడగలదు.

ప్రాజక్తకు ఆ రోజు నవ్వు వచ్చే స్థితి లేదు. సాయంత్రం ఐదింటికి ఆమె తండ్రి రామన్న పుణేకు ఫోన్ చేసి మాట చెప్పాలి. అబ్బాయి పేరు ప్రతీక్. పోయిన వారం తల్లిదండ్రులతో వచ్చి చూసి వెళ్లాడు. ఇంతకు ముందు ముగ్గురిని ప్రాజక్త వద్దంది. ఒకరి ఊరు దూరమంది. ఒకరి జాతకం కలవలేదంది. మూడో అతని నవ్వు బాగాలేదంది. ప్రతీక్‌కు పెట్టడానికి వంక దొరకలేదు. అసలు కారణం ఆమె మంచం కింద గోనెగుడ్డలో ఉంది. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ కారణానికి కూడా టోపీవాలాయే మూలం.

రెండు వేల మూడులో ఆ గల్లీకి కేబుల్ వేసిన గణేశ్, ఎక్కడి నుంచో పాత అమెరికా సీరియళ్ల సీడీలు తెచ్చాడు. ఆదివారం పదింటికి వాటిని వేసేవాడు. గుర్రాలు, తుపాకులు, దుమ్ము. మొత్తం మూడు సీరియళ్లు, ఒక్కోదానికి మొదట్లో ఒక పాట. అన్నీ ఇంగ్లీషే. గల్లీలో ఆ భాష వచ్చిన పిల్లలు లేరు. పద్నాలుగు మంది రామన్న ఇంట్లో టీవీ ముందు కూర్చునేవారు. గోడకు అవతల రామన్న సాంచాలు నాలుగు నడిచేవి. పాటలో సగం మాటలను సాంచాలు మింగేవి. మిగిలిన సగంలో పిల్లలకు తమకు తెలిసిన మాటలే వినపడేవి.

ఒక పాట వాళ్ల చెవులకు "కండె తేరా, కండె తేరా" అని మొదలయ్యేది. పద్నాలుగు గొంతులూ ఒక్కసారి అందుకునేసరికి, షెడ్డులో కండెలకు నూలు చుట్టే యల్లమ్మ బుట్ట ఎత్తుకుని వచ్చేది. రెండుసార్లు అలా మోసపోయింది. మూడోసారి చీపురు తెచ్చింది.

రెండో పాటలో మాటలు లేవు. ఈల, గుర్రపు డెక్కల చప్పుడు. ఆ చప్పుడు సాంచాతో తాళం కలిపేది. సాంచాలు నడవని రోజున పిల్లలకు ఆ పాట రుచించేది కాదు.

మూడోది టోపీవాలాది. సీరియల్ అసలు పేరు ఎవరికీ తెలియదు. టోపీ పెట్టుకున్న ఒక మనిషి వారానికొక ఊరికి వస్తాడు. దొంగలను తరుముతాడు. ఒక అమ్మాయిని గడప దగ్గర నిలబెట్టి గుర్రమెక్కి వెళ్లిపోతాడు. వెనక నుంచి పాట వస్తుంది: వెయిట్ ఫర్ మీ.

"పనీ పాటా లేదా వీనికి," అనేది ద్రౌపది అప్పట్లో. "వారం వారం పోరిని వాకిట్ల నిలవెట్టి పోతడు."

ఇంగ్లీషు రాకపోయినా, వెయిట్ అంటే ఏమిటో గల్లీ పిల్లలందరికీ తెలుసు. సాంచా వెనక పడుగు చుట్టిన బీము ఉంటుంది. దానికి తాడు కట్టి ఇనుప బిళ్ల వేలాడదీస్తారు. ఆ బిళ్లను వెయిట్ అంటారు. టోపీవాలా తనకొక వెయిట్ కావాలంటున్నాడని పిల్లలు నిర్ణయించారు. అమెరికాలో కూడా పద్మశాలీలు ఉన్నారని దాన్ని బట్టి తేల్చారు.

రెండేళ్ల తర్వాత, అదే గల్లీలో ఉండే వీరేష్ తండ్రి తన సాంచాలు అమ్మి ఇచల్‌కరంజీకి బయలుదేరాడు. టెంపోలో సామాను ఎక్కించిన తర్వాత, పదకొండేళ్ల వీరేష్ రెండు చేతులతో ఒక ఇనుప బిళ్లను మోసుకొచ్చి ప్రాజక్త ముందు పెట్టాడు. మూడు కిలోలు ఉంటుంది. "వెయిట్ ఫర్ మీ" అన్నాడు. వెళ్లి టెంపో ఎక్కాడు. ప్రాజక్త ఏడవలేదు. బిళ్లను లోపలికి తీసుకుపోతూ కాలి మీద వేసుకుంది. అప్పుడు ఏడ్చింది.

ఏడో తరగతి ఇంగ్లీషు పాఠంలో ఆ మాట మరో స్పెల్లింగుతో వచ్చింది. టీచర్ దాని అర్థం బోర్డు మీద రాసింది. ఎదురు చూడు. ప్రాజక్త బడి నుంచి వచ్చి మంచం కింది ఇనుమును బయటికి లాగింది. తుడిచింది. గోనెగుడ్డ చుట్టి మళ్లీ లోపల పెట్టింది. ఆ తర్వాత ఇంగ్లీషు మీద శ్రద్ధ పెరిగింది. ఇప్పుడు అదే తరగతికి అదే పాఠం చెబుతోంది.

వీరేష్ ఇచల్‌కరంజీ నుంచి తిరిగొచ్చి ఎనిమిది నెలలయింది. ఇప్పటికి తేల్చింది గుర్రం రంగు ఒక్కటే.

"సాయంత్రం బాపు పుణేకు ఫోన్ చేస్తడు," అంది ప్రాజక్త.

"పుణేల ఎవరున్నరు?"

"ప్రతీక్. పోయిన వారం చూసి పోయిన్రు. ఇయ్యాల మాట చెప్పాలె."

వీరేష్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అందులో ఇంకా చాయ్ ఉంది. గ్లాసులో చాయ్ వదిలి పెట్టడం ఈ ముప్పై మూడు ఆదివారాల్లో ఇదే మొదలు.

"మంచోడేనా?"

"మంచోడే."

"ఏం చేస్తడు?"

"కంపెనీల పని."

"మంచిదే." గ్లాసును పక్కకు జరిపాడు. "చిన్నప్పుడు సీరియళ్లు చూసేటోడా?"

ప్రాజక్త ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"నువ్వు అడగవలసింది అదేనా?"

"ఇంకేం అడగాలె?"

ఆమె లేచి లోపలికి పోయింది. మంచం కింద నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. తిరిగొచ్చి గోనెగుడ్డ మూటను అతని పాదాల దగ్గర దించింది. గుడ్డ తీసింది.

"ఇదేంది?" అంది.

వీరేష్ దాని మీదికి వంగాడు. "ఉన్నదా ఇది?"

"ఏందని అడిగిన."

"వెయిటు."

"దీన్ని నాకిచ్చి ఏమన్నవ్ నువ్వు?"

"వెయిట్ ఫర్ మీ అన్న."

"అంటే?"

"అంటే ఏముంది. వెయిటు. నాది. నీ దగ్గర పెట్టుకొమ్మని."

"ఎదురు చూడుమని కాదా?"

"అప్పుడు నాకు ఇంగ్లీషు ఎక్కడిది ప్రాజూ? టోపీవాలా వెయిటు అడుగుతున్నడని కద అందరం అనుకున్నది. నువ్వే అంటివి, అమెరికాల కూడ మనోళ్లు ఉన్నరని."

ప్రాజక్త కుర్చీలో కూర్చుంది.  మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"ముగ్గురిని వద్దన్న నేను."

"ఎవరిని?"

"ఒకాయన నవ్వు బాగలేదన్న. ఆయన నవ్వు బాగనే ఉండె, వీరూ. మంచిగ నవ్విండు పాపం. నేను ఇంటిల్లిపాదికీ అబద్ధం చెప్పిన. ఎందుకు? ఒక ఇనుప తుకుడా కోసం. నువ్వు అర్థం తెల్వక పాడిన పాట కోసం."

"మెల్లగ," అంది ద్రౌపది మూల నుంచి. "ఆకు చిరుగుతది."

"నాకు చెప్పలేదు కద నువ్వు," అన్నాడు వీరేష్.

"నేను చెప్పాలెనా? వెయిట్ చేసేటోళ్లు చెప్తరా, చెయ్యుమన్నోళ్లు చెప్తరా?"

"నేను చెయ్యుమనలే. వెయిటు ఇచ్చిన."

ఆ మాట అన్న వెంటనే తప్పని అతనికే తెలిసింది. ప్రాజక్త పేపర్ల కట్ట సర్దుతోంది. అవి ముందే సర్ది ఉన్నాయి.

"సరే," అంది. "ఐదింటికి బాపు ఫోన్ చేస్తడు. నువ్వు చాయ్ తాగి పో."

వీరేష్ లేవలేదు. బిళ్ల మీద చెయ్యి వేశాడు.

"ఒకటి అడుగుత. సాంచాకు వెయిటు ఎందుకేస్తరు?"

"ఇప్పుడు అది కూడ నేనే చెప్పాలెనా?"

"సాంచాలోళ్ల బిడ్డవు. చెప్పు."

"పడుగు వదులు కాకుండ."

"అగో."

"ఏంది అగో?"

"అందుకే ఇచ్చిన. నేను ఈడ లేనప్పుడు వదులు కావొద్దని. ఇంగ్లీషు తెల్వకపోవచ్చు, వెయిటు ఎందుకో నాకు అప్పుడు కూడ తెలుసు. టెన్షన్ ఉండాలె."

"టెన్షన్ ఉన్నది. ఇరవై ఏండ్ల సంది నా ఒక్కదానికే ఉన్నది." ఆమె అతని వైపు తిరిగింది. "వదులు కావొద్దంటివి, ఏంది వదులు కావొద్దు? నేను పడుగునా?"

"నువ్వు కాదు. నీకు నాకు నడుమ ఉన్నది."

ఆ మాట చెప్పి గల్లీ వైపు చూశాడు. గల్లీలో ఒక మేక తప్ప చూడవలసింది ఏమీ లేదు.

"మరి ఎనిమిది నెలల సంది గుర్రం రంగు ఎందుకు చెప్తున్నవ్?" అంది ప్రాజక్త. గొంతు తగ్గింది కాని చిరాకు తగ్గలేదు.

"వచ్చినప్పుడల్ల ఇల్లంత చూసిన. వెయిటు యాడ కూడ కనవడలే. పారేసినవనుకున్న. అడుగుదామంటె, ఏ వెయిటు అంటవేమో అని."

"మంచం కిందికి చూడకపోయినవా?"

"ఎట్ల చూస్త? నాయినమ్మ ఈడనే కూసుంటది."

ద్రౌపది బీడీకి దారం చుట్టి పళ్లతో తెంపింది. ఈసారి నవ్వు ఆపుకోలేదు.

"నేను నీ వెయిటు కోసం చూస్తున్న," అన్నాడు వీరేష్. "నువ్వు నా మాట కోసం చూస్తున్నవ్. ఇద్దరం—"

"ఇద్దరం అనకు. నన్ను కలపకు. ఇప్పుడు సాఫ్‌గ చెప్పు. పాట వద్దు, గుర్రం వద్దు, బీము వద్దు, పడుగు వద్దు. తెలుగుల చెప్పు. మరాఠీల చెప్పు. నువ్వు వచ్చేది ఎందుకు?"

వీరేష్ నోరు తెరవబోయాడు. భయం వేసినప్పుడు అతని నోట్లోంచి వచ్చేది ఒకటే. పాట మొదటి ముక్క ఈలగా బయటికి వచ్చింది. ప్రాజక్త చూసిన చూపుకు మధ్యలో ఆగిపోయింది.

"నిన్ను చేసుకోవాలని ఉన్నది," అన్నాడు. అంటూ వాకిట్లో ఉన్న బైక్ వైపు చూశాడు.

"బండిని చేసుకుంటవా?"

అతను ఇటు తిరిగాడు. "ప్రాజూ. నిన్ను పెండ్లి చేసుకోవాలని ఉన్నది. అందుకే వస్తున్న. వేరే పని లేదు నాకు ఈడ."

ఈ మాట విన్నప్పుడు తనకు ఏమనిపిస్తుందో ప్రాజక్త చాలాసార్లు ఊహించుకుంది. ఊహించినవేవీ అనిపించలేదు. ఇది చెప్పడానికి అర నిమిషం పట్టిందని, ఆ అర నిమిషం కోసం ముప్పై మూడు చాయ్‌లు పెట్టానని అనిపించింది. ఆ తర్వాత ముఖం వేడెక్కింది. అది కనపడకుండా ఉండడానికి పేపర్ల మీదికి వంగింది.

"సరే," అంది.

"సరే అంటే?"

"సరే అంటే సరే. అది ఇంగ్లీషు కాదు."

"గోత్రాలు వేరేనే," అంది ద్రౌపది, చాటలో చెయ్యి తిప్పుతూ. "వాళ్లమ్మను అడిగి పెట్టుకున్న."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఎప్పుడు అడిగినవ్?" అంది ప్రాజక్త.

"ఎనిమిది నెలలైతుంది. వీడు రెండో ఐతారం వచ్చిన నాడే."

"నాకు చెప్పరాదా, నాయినమ్మా?"

"నన్నెవరు అడిగిన్రు? ఇద్దరు గుర్రం మీదనే ఉండిరి."

ప్రాజక్త కళ్లు మూసుకుని తెరిచింది. ఈ ఇంట్లో మాట్లాడవలసిన ప్రతి మనిషీ ఎవరో ఒకరు అడిగే దాకా ఆగుతారు. ఇక ఆగడం తన వల్ల కాదు.

"లే," అంది వీరేష్‌తో. "బాపుకు చెప్పు."

"ఇప్పుడా?"

"ఐదు దాటినంక చెప్తవా?"

ఆర్డరు ఉండడంతో ఆదివారమైనా షెడ్డు తీసి ఉంది. నాలుగు సాంచాలూ టవళ్లు నేస్తున్నాయి. రామన్న మూడో సాంచా ముందు నిలబడి తెగిన పోగు అతుకుతున్నాడు. నలభై ఏళ్లు సాంచాల మధ్య గడిపిన మనిషి. ఆయన చెవులు సగానికి పైగా పోయాయి. ఆ షెడ్డులో చెవితో వినేవారు ఎవరూ లేరు. అందరూ ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంటారు. రామన్న పది అడుగుల దూరం నుంచి కూడా పట్టుకుంటాడు.

వీరేష్ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు. అరిచాడు.

"కాకా."

రామన్న తల తిప్పలేదు. వీరేష్ ఎదురుగా వచ్చి మళ్లీ అరిచాడు.

"అరవకు," అన్నాడు రామన్న. "అరిస్తె నోరు వంకర పోతది, సమజ్ కాదు. మెల్లగ చెప్పు. ఏంది, నాలుగో సాంచా చూడనీకి వచ్చినవా?"

"కాదు కాకా. ప్రాజక్తను నాకియ్యిన్రి. పెండ్లి చేసుకుంట."

రామన్న చేతిలో పోగు అలాగే ఉంది. ఆయన కళ్లు వీరేష్ పెదవుల మీద నుంచి కదల్లేదు.

"మొదలు ఏమన్నవ్?"

"ప్రాజక్తను—"

"దానికన్న మొదలు. నన్ను ఏమని పిలిచినవ్?"

"కాకా అన్న."

"కాక బిడ్డ నీకేమైతదిరా?"

 గల్లీ పిల్లలందరూ రామన్నను కాకా అనే పిలిచేవారు. వీరేష్ మాటలు నేర్చినప్పటి నుంచీ అలాగే పిలిచాడు. కాకా అంటే చిన్నాన్న. చిన్నాన్న కూతురు చెల్లెలవుతుంది. చెల్లెలినిమ్మని తండ్రి స్థానంలో ఉన్న మనిషినే అడుగుతున్నాడు. సాంచా పక్కన నిలబడి ఉన్న ప్రాజక్తకు ఇనుప బిళ్ల ఇక్కడికి తెచ్చి ఉంటే బాగుండుననిపించింది. ఎవరి మీద వేయడానికో నిర్ణయించుకోలేదు.

"కాకా, నేను చెప్పేది—"

"మళ్ల అదే," అన్నాడు రామన్న.

ప్రాజక్త వీరేష్ మోచేతిని గిల్లింది. ఏం పిలవాలో ఆమె చెప్పలేదు. ఈ ఒక్కటైనా అతనే వెతుక్కోవాలి.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. కా అంటే పెదవులు కలవవు. ఈసారి పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి, మళ్లీ విడిపోయాయి. శబ్దం సాంచాల్లో కొట్టుకుపోయింది. చెవులు పోయిన మనిషికి కూడా ఆ మాట కనపడింది.

మామా.

రామన్న పోగు వదిలేశాడు. చెయ్యి చాపి సాంచా ఆపాడు. మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా ఆపుకుంటూ వెళ్లాడు. షెడ్డు నిశ్శబ్దమయింది. ఆయన తిరిగొచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"ఆ ముగ్గురిని ఎళ్లగొట్టింది వీని కోసమా?"

ప్రాజక్త తల ఊపింది.

"ఆ నవ్వు బాగలేని పిలగాడు కూడనా? నాకు ఆ పిలగాని నవ్వు మంచిగనే అనిపించె. రెండు దినాలు ఆలోచన చేసిన, నా కండ్లకు ఏమన్న అయిందా అని."

"బాపూ."

"ఏం బాపు. ఇరవై ఏండ్లు నోట్లె ఏం పెట్టుకున్నరు ఇద్దరు?" రామన్న వీరేష్ వైపు చూశాడు. తల నుంచి కాళ్ల దాకా చూశాడు, అతను పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషే అయినా. "రేపు మీ అమ్మను తీసుకొని రా. ఐతారం దాకా ఆగకు. నీ ఐతారాలు నేను చూసిన."

"తీసుకొస్త, మామా."

"పుణేకు ఏం చెప్పాలె నేనిప్పుడు?"

"నేను ఫోన్ చేసి చెప్త," అన్నాడు వీరేష్.

"నువ్వా? నువ్వు చెప్తె, వాళ్లకు సమజ్ అయ్యేసరికి ఆ పిలగాని జుట్టు తెల్లవడతది."

రామన్న జేబులోంచి ఫోన్ తీసి కూతురికి ఇచ్చాడు. ప్రాజక్త టైమ్ చూసింది. పదకొండు దాటి ఇరవై నిమిషాలు. ఐదింటి దాకా గడువు ఉంది. కాని పుణేలో ఒక మనిషి ఫోన్ వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆమె షెడ్డు గుమ్మంలోకి వచ్చి నంబరు నొక్కింది.

"నమస్కార్ ప్రతీక్," అంది మరాఠీలో. "నేను ప్రాజక్తను. సాఫ్‌గా ఒక మాట చెప్పాలి."